ఉత్తర ధ్రువ ప్రాంతంలోని రెండు విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ సమయం ఎలా లెక్కించాలి?

కెనడా ఉత్తర ప్రాంతంలో ఉద్యోగానికో, అలాస్కా, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల వైపు యాత్రకో సిద్ధమయ్యేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. రెండు ఊళ్ల పేర్లు ఇచ్చి వెతికితే ఒక చోట పదిహేను వందల కిలోమీటర్లని, మరో చోట మూడు వేలని కనిపిస్తుంది. ప్రయాణ సమయం రెండున్నర గంటలని ఒకరు, నాలుగున్నర గంటలని మరొకరు చెబుతారు. ఇందులో ఏది నమ్మాలో తేల్చుకోవడానికి సులువైన మార్గం మీరే లెక్క వేసుకోవడం. ఇంటర్మీడియట్‌లో చదివిన త్రికోణమితి దీనికి సరిపోతుంది.

అయితే ఒక విషయం ముందే తెలుసుకోవాలి. మన దేశంలో రెండు నగరాల మధ్య దూరాన్ని ఉజ్జాయింపుగా కట్టే పద్ధతి 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక దారుణంగా తప్పుతుంది. దూరం సరిగ్గా వచ్చినా, దాన్నిబట్టి సమయం చెప్పడం అక్కడ కుదరదు. ఏ విమానం నడుస్తోంది, ఎన్ని చోట్ల ఆగుతోంది అన్నవే సమయాన్ని నిర్ణయిస్తాయి. అందుకే ఈ వ్యాసంలో దూరానికి ఎంత చోటు ఇచ్చానో సమయానికీ అంత ఇచ్చాను.

ఉదాహరణకు కెనడాలోని నునావుట్ రాష్ట్రసమాన ప్రాంతంలో ఉన్న రెండు విమానాశ్రయాలను తీసుకుందాం. మొదటిది బాఫిన్ దీవిలోని రాజధాని ఇకాలుయిట్. రెండవది కార్న్‌వాలిస్ దీవిలోని చిన్న ఊరు రెజల్యూట్. నునావుట్‌లో ఒక ఊరి నుంచి మరో ఊరికి రహదారి లేదు కాబట్టి, విమానం తప్ప ఏడాది పొడవునా పనికొచ్చే మరో ప్రయాణ సాధనం లేదు.

కావలసినవి

- రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు. ఊరివి కాకుండా విమానాశ్రయానివి తీసుకోవాలి.
- సైన్, కొసైన్ మీటలున్న కాలిక్యులేటర్, లేదా కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్. ఫోన్‌లోని కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే ఈ మీటలు చాలా ఫోన్లలో కనిపిస్తాయి.
- ఆ మార్గంలో నడిచే విమానం రకం. కనీసం అది జెట్టా, పంకాలతో నడిచే టర్బోప్రాపా అన్నది తెలియాలి.
- రెండు ఊళ్ల టైమ్ జోన్లు.
- సరిచూసుకోవడానికి ఒక గ్లోబు, లేదా గూగుల్ ఎర్త్ వంటి సాధనం. గోడ మీద వేలాడే ప్రపంచ పటం ఈ పనికి పనికిరాదు. ఎందుకో తర్వాత చెబుతాను.

1. విమానాశ్రయాన్ని కోడ్‌తో గుర్తించండి

ఊరి పేరుతో వెతకడం కన్నా మూడక్షరాల కోడ్‌తో వెతకడం మంచిది. ఇకాలుయిట్ కోడ్ వై-ఎఫ్-బి, రెజల్యూట్ కోడ్ వై-ఆర్-బి. రెండింటికీ మధ్యలో ఒక్క అక్షరమే తేడా. టికెట్ వెతికేటప్పుడు అది మారితే మీరు చేరవలసిన ఊరే బయలుదేరే ఊరిగా నమోదవుతుంది. ఇకాలుయిట్‌కు 1987 వరకు ఫ్రోబిషర్ బే అన్న పేరుండేదని, కోడ్‌లోని ఎఫ్-బి అక్కడిదేనని గుర్తుపెట్టుకుంటే తికమక ఉండదు.

పేరు మారిన ఊళ్లు ఉత్తరాన ఇంకా ఉన్నాయి. అలాస్కాలోని బారో 2016లో ఉత్కియాగ్విక్ అయింది, కోడ్ మాత్రం పాత పేరుతోనే ఉంది. పాత పటంలో ఒక పేరు, కొత్త జాబితాలో మరో పేరు కనిపిస్తే రెండు వేర్వేరు ఊళ్లనుకోకుండా కోడ్‌ను పోల్చి చూడండి.

2. అక్షాంశ రేఖాంశాలను దశాంశాల్లోకి మార్చండి

అధికారిక పత్రాలలో ఇవి డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. ఇకాలుయిట్ విమానాశ్రయం 63 డిగ్రీల 45 నిమిషాల 24 సెకన్ల ఉత్తర అక్షాంశం, 68 డిగ్రీల 33 నిమిషాల 22 సెకన్ల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. నిమిషాలను 60తోనూ, సెకన్లను 3600తోనూ భాగించి డిగ్రీలకు కలపాలి.

63 + (45 ÷ 60) + (24 ÷ 3600) = 63.7567

ఇలాగే మిగిలినవి కూడా మార్చితే:

- ఇకాలుయిట్: 63.7567 ఉత్తరం, 68.5561 పశ్చిమం
- రెజల్యూట్: 74.7169 ఉత్తరం, 94.9694 పశ్చిమం

హెచ్చరిక: 63 డిగ్రీల 45 నిమిషాల 24 సెకన్లను 63.4524 అని రాసేయడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ఇది ఒక్కటే విమానాశ్రయాన్ని ముప్ఫై కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరిపేస్తుంది. కొన్ని పత్రాలు సెకన్లు లేకుండా నిమిషాలనే దశాంశాలతో ఇస్తాయి. అప్పుడు 60తో ఒక్కసారి భాగిస్తే చాలు.

స్ప్రెడ్‌షీట్‌లో పశ్చిమ రేఖాంశాలకు ముందు మైనస్ గుర్తు పెట్టాలి. ఇక్కడ రెండు ఊళ్లూ పశ్చిమానే ఉన్నాయి కాబట్టి మైనస్ మరిచినా దూరం మారదు. అందుకే ఈ తప్పు బయటపడకుండా దాగిపోతుంది. అవే అంకెలను పటంలో వేసి చూస్తే మాత్రం ఇకాలుయిట్ పశ్చిమ సైబీరియాలోనూ, రెజల్యూట్ తైమిర్ ద్వీపకల్పం మీదా తేలతాయి. ఒక ఊరు తూర్పున, మరొకటి పశ్చిమాన ఉన్నప్పుడైతే దూరం కూడా పూర్తిగా తప్పిపోతుంది.

3. లెక్కకు ముందే హద్దులు గీసుకోండి

సూత్రంలోకి వెళ్లే ముందు జవాబు ఏ రెండు సంఖ్యల మధ్య ఉండాలో తెలుసుకోవడం నా దృష్టిలో ఈ పనిలో అతి ముఖ్యమైన మెట్టు. దీనికి రెండు చిన్న లెక్కలు చాలు.

కింది హద్దు: రెండు అక్షాంశాల తేడాను 111.19తో (ఒక డిగ్రీ అక్షాంశం సగటున ఇన్ని కిలోమీటర్లు) గుణించండి. ఇక్కడ తేడా 10.9602 డిగ్రీలు కాబట్టి 1219 కిలోమీటర్లు వస్తుంది. దూరం ఎట్టి పరిస్థితిలోనూ దీనికన్నా తక్కువ ఉండదు.

పై హద్దు: ఒక విమానాశ్రయం నుంచి ఉత్తర ధ్రువానికి వెళ్లి, అక్కడి నుంచి రెండవ దానికి దిగినట్టు ఊహించండి. 90 నుంచి ఒక్కో అక్షాంశాన్ని తీసివేస్తే 26.2433, 15.2831 వస్తాయి. రెండూ కలిపితే 41.5264 డిగ్రీలు, అంటే 4617 కిలోమీటర్లు. ఇంతకన్నా దూరం ఉండడం అసాధ్యం.

జవాబు ఈ రెండింటి మధ్య లేకపోతే మరో ఆలోచన లేకుండా లెక్కను మొదటి నుంచి చూడండి.

4. అసలు దూరం కట్టండి

భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని మహావృత్త మార్గం అంటారు. సూత్రం ఇది:

కోణం కొసైన్ = (మొదటి అక్షాంశం సైన్ × రెండవ అక్షాంశం సైన్) + (మొదటి అక్షాంశం కొసైన్ × రెండవ అక్షాంశం కొసైన్ × రేఖాంశాల తేడా కొసైన్)

మన ఉదాహరణలో రేఖాంశాల తేడా 26.4133 డిగ్రీలు.

- మొదటి భాగం: 0.89692 × 0.96464 = 0.86521
- రెండవ భాగం: 0.44218 × 0.26359 × 0.89561 = 0.10439
- మొత్తం: 0.96960

ఈ సంఖ్యకు విలోమ కొసైన్ తీస్తే కోణం 14.166 డిగ్రీలు. దాన్ని 111.19తో గుణిస్తే 1575 కిలోమీటర్లు. ఇది మనం గీసుకున్న హద్దుల మధ్యనే ఉంది.

హెచ్చరికలు మూడున్నాయి. మొదటిది, కాలిక్యులేటర్ డిగ్రీలలో ఉందో లేదో చూడండి. 30 డిగ్రీల సైన్ అడిగితే 0.5 అని చెప్పాలి, లేకపోతే అది రేడియన్లలో ఉన్నట్టు. రెండవది, స్ప్రెడ్‌షీట్లు ఎప్పుడూ రేడియన్లలోనే లెక్కిస్తాయి కాబట్టి ప్రతి కోణాన్నీ ముందు రేడియన్లలోకి మార్చి, చివర వచ్చిన కోణాన్ని 111.19కి బదులు భూమి వ్యాసార్ధమైన 6371తో గుణించాలి. మూడవది, మధ్యలో అంకెలను కుదించకండి. 0.96960ని 0.97గా రాస్తే దూరం 1564 అవుతుంది. మూడవ దశాంశం దగ్గర చూపిన బద్ధకానికి పదకొండు కిలోమీటర్లు పోతాయి. ఊళ్లు దగ్గరగా ఉన్నకొద్దీ ఈ సూత్రం ఇంకా సున్నితమవుతుంది.

త్రికోణమితి అంతా వద్దనుకునేవారికి దగ్గరి దారి ఒకటుంది. రెండు అక్షాంశాల సగటు తీసుకుని, దాని కొసైన్‌ను రేఖాంశాల తేడాతోనూ 111.19తోనూ గుణిస్తే తూర్పు-పడమర దూరం వస్తుంది. ఇక్కడ సగటు 69.24, కొసైన్ 0.3545, తూర్పు-పడమర దూరం 1041 కిలోమీటర్లు. ఉత్తర-దక్షిణ దూరం 1219 అని ముందే కట్టాం. రెండింటి వర్గాలను కలిపి వర్గమూలం తీస్తే 1603. అసలు జవాబుకన్నా రెండు శాతం లోపే ఎక్కువ. సరిచూసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది, కాని ధ్రువానికి మరీ దగ్గరైన ఊళ్లకూ, రేఖాంశాల తేడా చాలా ఎక్కువగా ఉన్న ఊళ్లకూ వాడకూడదు.

గూగుల్ ఎర్త్ వంటి సాధనంలో కొలిస్తే 1575కు బదులు సుమారు 1580 కనిపిస్తుంది. అది తప్పు కాదు. భూమి ధ్రువాల దగ్గర కొద్దిగా అణిగి ఉండడం వల్ల ఒక డిగ్రీ అక్షాంశం భూమధ్యరేఖ దగ్గర 110.57 కిలోమీటర్లు ఉంటే, ధ్రువం దగ్గర 111.69 ఉంటుంది. మనం సగటు వాడాం కాబట్టి ఉత్తరాన మన జవాబు కాస్త తక్కువ వస్తుంది. ప్రయాణ ప్రణాళికకు ఈ అయిదు కిలోమీటర్లు లెక్కలోకి రావు.

5. ప్రమాణం ఏదో రాసిపెట్టుకోండి

1575 కిలోమీటర్లంటే 850 నాటికల్ మైళ్లు, 979 సాధారణ మైళ్లు. విమానయాన పత్రాలలో మైలు అని ఉంటే అది నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. 850 అన్న అంకెను చూసి 1.609తో గుణించినవారికి 1368 కిలోమీటర్లు వస్తుంది. వేర్వేరు చోట్ల వేర్వేరు దూరాలు కనిపించడానికి సగం కారణం ఇదే.

6. ఏ విమానమో తెలుసుకోండి

ఇక్కడి నుంచి సమయం లెక్క మొదలవుతుంది. ఇంటర్నెట్‌లోని చాలా లెక్కల యంత్రాలు ప్రతి మార్గంలోనూ పెద్ద జెట్ ఎగురుతుందనుకుని గంటకు 800 కిలోమీటర్ల వేగం వేసుకుంటాయి. హైదరాబాద్ - ఢిల్లీకి అది సరే. రెజల్యూట్‌కు మాత్రం రన్‌వే గురించి అడగాలి. ఇకాలుయిట్‌లో పెద్ద విమానాలు దిగగల పొడవైన తారు రన్‌వే ఉంది. రెజల్యూట్‌లో ఉన్నది కంకర రన్‌వే. కంకర ఎగిరి ఇంజిన్‌లో పడకుండా రక్షించే ప్రత్యేక అమరికను బోయింగ్ సంస్థ పాత 737-200కు ఇచ్చింది కాని, తర్వాతి 737 రకాలకు ఇవ్వలేదు. కాబట్టి ఇలాంటి ఊళ్లకు ఈనాడు ఎక్కువగా ఏటీఆర్ 42 వంటి టర్బోప్రాప్‌లు, ఇంకా చిన్న ఊళ్లకు ట్విన్ ఓటర్‌లు నడుస్తాయి.

లెక్కకు ఈ వేగాలు వాడండి:

- 737 తరగతి జెట్: గంటకు 780 కిలోమీటర్లు
- ఏటీఆర్ 42: గంటకు 500 కిలోమీటర్లు, అంటే 270 నాట్లు (గంటకు 270 నాటికల్ మైళ్లు)
- ట్విన్ ఓటర్: గంటకు 280 కిలోమీటర్లు

తయారీదారు ప్రకటించే గరిష్ఠ వేగం ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది, దాన్ని వాడకండి. ట్విన్ ఓటర్ అయితే మరో సంగతి కూడా ఉంది. అది నిండా సరకుతో 1575 కిలోమీటర్లు ఆగకుండా వెళ్లలేదు. మధ్యలో ఇంధనం కోసం దిగక తప్పదు.

7. సమయం కట్టండి

దూరాన్ని వేగంతో భాగించి, విమానం నేల మీద కదలడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం కోసం కొంత సమయం కలపాలి. జెట్‌కు 30 నిమిషాలు, టర్బోప్రాప్‌కు 20 నిమిషాలు కలపడం ఆచరణలో సరిపోతుంది.

ఏటీఆర్: 1575 ÷ 500 = 3.15 గంటలు. ఇది 3 గంటల 15 నిమిషాలు కాదు, 3 గంటల 9 నిమిషాలు. దశాంశాన్ని 60తో గుణించాలి. దానికి 20 నిమిషాలు కలిపితే 3 గంటల 29 నిమిషాలు.

జెట్: 1575 ÷ 780 = 2.02 గంటలు, 30 నిమిషాలు కలిపితే 2 గంటల 31 నిమిషాలు. ఇంటర్నెట్‌లో కనిపించే రెండున్నర గంటలు ఇక్కడివే. లెక్క తప్పు కాదు, ఆ విమానమే అక్కడికి మామూలుగా నడవదు.

ఈ పద్ధతి మీద నమ్మకం కుదరాలంటే మీకు తెలిసిన మార్గంతో పరీక్షించండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి మహావృత్త దూరం సుమారు 1260 కిలోమీటర్లు. జెట్ లెక్కతో 2 గంటల 7 నిమిషాలు వస్తుంది. విమాన సంస్థలు రద్దీ కోసం మరి కొన్ని నిమిషాలు కలుపుకుని 2 గంటల 10 నుంచి 20 నిమిషాలుగా ప్రకటిస్తాయి. ఉత్తరాన నార్వేలోని ట్రోమ్సో నుంచి స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌ఇయర్‌బ్యెన్‌కు దూరం సుమారు 960 కిలోమీటర్లు. అక్కడ జెట్‌లు నేరుగా నడుస్తాయి, లెక్క 1 గంట 44 నిమిషాలు చెబుతుంది, టైమ్‌టేబుల్ కూడా దాని దరిదాపుల్లోనే ఉంటుంది.

8. ఆగే చోట్లను విడివిడిగా లెక్కించండి

ఉత్తరాది మార్గాల్లో విమానం దారిలోని ఊళ్లను తాకుతూ వెళ్లడం మామూలే. మన విమానం ఆర్కిటిక్ బే అనే ఊళ్లో ఆగుతుందనుకుందాం. దాని విమానాశ్రయం సుమారు 73.006 ఉత్తరం, 85.033 పశ్చిమం. నాలుగవ మెట్టులోని సూత్రంతోనే కడితే ఇకాలుయిట్ నుంచి ఆర్కిటిక్ బేకు 1221 కిలోమీటర్లు, అక్కడి నుంచి రెజల్యూట్‌కు 361 కిలోమీటర్లు. మొత్తం 1582. నేరుగా వెళ్లే దూరం కన్నా ఏడు కిలోమీటర్లే ఎక్కువ.

సమయం సంగతి వేరు. మొదటి అంచెకు 2 గంటల 27 నిమిషాలు, పైన 20. రెండవ అంచెకు 43 నిమిషాలు, దానికీ మరో 20. సరకు దింపి ఎక్కించడానికి 35 నిమిషాలు ఆగిందనుకుంటే మొత్తం 4 గంటల 25 నిమిషాలు. ఏడు కిలోమీటర్ల తేడాకు దాదాపు గంట పెరిగింది. మొత్తం దూరాన్ని ఒకేసారి వేగంతో భాగించేవారికి ఈ గంట ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పటికీ అర్థం కాదు. ఎన్ని అంచెలుంటే అన్ని సార్లు ఆ 20 నిమిషాలు కలపాలన్నదే ఇక్కడి నియమం.

9. గాలిని లెక్కలోకి తీసుకోండి

గంటకు 60 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే ఏటీఆర్ భూమి మీద 440 వేగంతోనే కదులుతుంది. నేరుగా వెళ్లే మార్గంలో గాలిలో గడిపే 3 గంటల 9 నిమిషాలు 3 గంటల 35 నిమిషాలవుతాయి. అదే గాలి వెనుక నుంచి తోస్తే 2 గంటల 49 నిమిషాలే. పోవడంలో పోయింది రావడంలో తిరిగి వస్తుందని అనుకోవద్దు. గాలి లేనప్పుడు రానుపోను 6 గంటల 18 నిమిషాలైతే, గాలితో 6 గంటల 24 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి నష్టమే మిగులుతుంది.

గాలి ఏటవాలుగా వీస్తే పూర్తి వేగాన్ని తీసివేయకూడదు. ఈ మార్గంలో విమానం ఇకాలుయిట్ దగ్గర 331 డిగ్రీల దిశతో (ఉత్తరం సున్నా, తూర్పు 90, పడమర 270) మొదలై రెజల్యూట్ చేరేసరికి దాదాపు 307కు తిరుగుతుంది. దారి సూటిగా ఉన్నా, రేఖాంశాలు దగ్గరపడుతుండడం వల్ల దిశ అంకె ఇలా మారుతూ పోతుంది. సగటున 319 అనుకోండి. గాలి సరిగ్గా పడమర నుంచి, అంటే 270 నుంచి వీస్తుంటే కోణం 49 డిగ్రీలు, దాని కొసైన్ 0.656. కాబట్టి 60లో 39 మాత్రమే ఎదురుగా పనిచేస్తుంది. 1575ను 461తో భాగిస్తే 3 గంటల 25 నిమిషాలు.

ఈ దిశలన్నీ నిజమైన ఉత్తరాన్నిబట్టి చెప్పినవి. ఫోన్‌లోని దిక్సూచితో వీటిని పోల్చకండి. అయస్కాంత ఉత్తర ధ్రువం దశాబ్దాల పాటు ఈ దీవుల మధ్యే ఉండేది. ఇప్పటికీ అక్కడ దిక్సూచి నమ్మదగినది కాదు కాబట్టే కెనడా ఉత్తర గగనతలంలో రన్‌వే దిశలను కూడా నిజమైన ఉత్తరం ప్రకారమే ఇస్తారు.

10. గడియారం సరిచేయండి

ఇకాలుయిట్ తూర్పు కాలమానంలో ఉంటే, రెజల్యూట్ గంట వెనుక ఉన్న మధ్య కాలమానంలో ఉంది. ఉదయం 9 గంటలకు బయలుదేరి మూడున్నర గంటలు ఎగిరితే రెజల్యూట్ గడియారంలో 11:30 అవుతుంది. టికెట్ చూసినవారికి రెండున్నర గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. తిరిగి 12:30కు బయలుదేరితే ఇకాలుయిట్‌లో 5 గంటలకు దిగుతారు, అది నాలుగున్నర గంటలలా కనిపిస్తుంది.

టైమ్ జోన్లు తెలియకపోయినా అసలు సమయం రాబట్టే చిట్కా ఒకటుంది. పోవడానికీ రావడానికీ టికెట్ మీద కనిపించే వ్యవధులను కూడి సగం చేయండి. రెండున్నర, నాలుగున్నర కలిపితే ఏడు, సగం మూడున్నర. రెండు వైపులా ఒకే విమానం, ఒకే ఆగుడులు ఉన్నప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది.

వేసవిలో గడియారాలు గంట ముందుకు జరిపే పద్ధతి అన్ని ఊళ్లలోనూ లేదు. నునావుట్‌లోనే ఉన్న కోరల్ హార్బర్ ఏడాది పొడవునా ఒకే కాలమానం పాటిస్తుంది. అందువల్ల అక్కడికి వెళ్లే విమానం వేసవిలో ఒకలా, చలికాలంలో మరోలా కనిపిస్తుంది. ఇంటికి ఫోన్ చేయాలనుకునేవారికి: ఇకాలుయిట్ చలికాలంలో భారత కాలమానానికి పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు వెనుక ఉంటుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా పెద్దది రేఖాంశాన్ని కూడా 111తో గుణించడం. ఇలా చేస్తే తూర్పు-పడమర దూరం 2937 కిలోమీటర్లు, మొత్తం 3180 వస్తుంది. అసలు దూరానికి రెండింతలు. పైగా ఇది మూడవ మెట్టులోని హద్దుల మధ్యనే ఉంటుంది కాబట్టి ఆ పరీక్ష దీన్ని పట్టుకోలేదు, నాలుగవ మెట్టులోని దగ్గరి దారే పట్టిస్తుంది. రేఖాంశాలు బత్తాయి తొనల అంచుల్లా పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఒక డిగ్రీ రేఖాంశం హైదరాబాద్ దగ్గర 106 కిలోమీటర్లు ఉంటే, ఇకాలుయిట్ దగ్గర 49, రెజల్యూట్ దగ్గర 29 మాత్రమే. తెలుగు నేల మీద ఈ తప్పు చేసినా అయిదు శాతం తేడాతో బయటపడతాం, అందుకే అది అలవాటుగా మిగిలిపోతుంది.

రెండవది గోడ పటం మీద స్కేలు పెట్టి కొలవడం. దీర్ఘచతురస్రాకార పటాల్లో ఉత్తర ప్రాంతం సాగదీసి ఉంటుంది. అలాస్కాలోని ఉత్కియాగ్విక్ నుంచి లాంగ్‌ఇయర్‌బ్యెన్‌కు గీత గీస్తే పటం వెడల్పులో దాదాపు సగం దాటాలి. నిజానికి దారి ధ్రువానికి అతి సమీపం నుంచి పోతుంది, దూరం సుమారు 3380 కిలోమీటర్లే. ఈ జంటకు సగటు అక్షాంశపు దగ్గరి దారి వాడితే దాదాపు 5090 వస్తుంది. ధ్రువం మీదుగా వెళ్లినా 3388 మించకూడదు కదా, కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది. పై హద్దు గీసుకోమన్నది ఇలాంటి జంటల కోసమే.

కొన్ని సైట్లు ఇలాంటి ఊళ్ల మధ్య రోడ్డు దూరం, కారులో పట్టే గంటలు కూడా చూపిస్తాయి. రోడ్డే లేని చోట ఆ అంకెలు గాలిలోంచి పుట్టినవి. అదే పేజీలోని విమాన దూరాన్ని కూడా అనుమానంతోనే చూడండి.

జవాబును ఎలా సరిచూసుకోవాలి

ముందు బయలుదేరే ఊరినీ, చేరే ఊరినీ తారుమారు చేసి మళ్లీ కట్టండి. దూరం మారకూడదు. తర్వాత గూగుల్ ఎర్త్‌లో కొలత గీతను ఒక రన్‌వే నుంచి మరో రన్‌వేకు లాగండి. ఒక శాతం లోపు తేడా ఉంటే మీ లెక్క సరైనదే. గ్లోబు అందుబాటులో ఉంటే దారాన్ని రెండు ఊళ్ల మధ్య బిగించి పట్టుకుని, అదే దారాన్ని ఏదో ఒక రేఖాంశం వెంబడి పెట్టి ఎన్ని డిగ్రీలు వస్తుందో చూడండి. మన ఉదాహరణకు 14 డిగ్రీల దరిదాపులు రావాలి. ఇది పిల్లలకు నేర్పడానికి కూడా మంచి మార్గం.

సమయానికి మాత్రం టైమ్‌టేబులే న్యాయమూర్తి. పదవ మెట్టులోని సగటు చిట్కాతో వచ్చిన వ్యవధి మీ లెక్కకన్నా పావుగంట అటూఇటూ ఉంటే ఫరవాలేదు. నలభై నిమిషాలో గంటో ఎక్కువ ఉంటే మీకు తెలియని ఆగుడు ఒకటి ఉన్నట్టే, టికెట్ వివరాల్లో దాన్ని వెతకండి. గంట తక్కువగా ఉంటే మీరు టర్బోప్రాప్ అనుకున్నది జెట్ అయి ఉండవచ్చు.

చివరగా రెండు జాగ్రత్తలు. ఈ లెక్క ప్రయాణికుల కోసం ఉద్దేశించింది. ఇంధనం, ప్రత్యామ్నాయ విమానాశ్రయం వంటివి నిర్ణయించడానికి పైలట్లకు వేరే పత్రాలూ పద్ధతులూ ఉన్నాయి. ఇక మీరు దక్షిణాదికి వెళ్లే మరో విమానాన్ని ఇకాలుయిట్‌లో అందుకోవాలనుకుంటే, ఈ లెక్కలో వచ్చిన గంటల మీద ఆధారపడి అదే రోజుకు విడి టికెట్ కొనకండి. పొగమంచు, మంచు తుఫాను వచ్చినప్పుడు రెజల్యూట్ వంటి చోట విమానం కొన్ని గంటలు కాదు, కొన్ని రోజులు కూడా ఆలస్యం కావచ్చు. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి. అది కుదరకపోతే మధ్యలో కనీసం ఒక రాత్రి ఇకాలుయిట్‌లో గడిపేలా గది ముందే మాట్లాడుకోండి.